నాన్న వాట్సాప్‌లో పంపిన కాగితం

ప్రశ్న: మేడమ్, నేను హైదరాబాద్‌లో బీఎఫ్ఏ అప్లైడ్ ఆర్ట్ నాలుగో ఏడాది చదువుతున్నాను. మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లెటూరు. డిసెంబరు మొదటి వారంలో ఫైనల్ ప్రాజెక్టు టాపిక్ ఇవ్వాలి. ఏప్రిల్ చివర్లో జ్యూరీ, అంటే మా పని చూసి ప్రశ్నలడిగే పరీక్షకుల బృందం. ఇప్పటికి ఐదు ఐడియాలు రాసుకున్నాను: ఒక కాఫీ షాపుకి బ్రాండింగ్, కొండపల్లి బొమ్మలకి కొత్త ప్యాకేజింగ్, ఫుడ్ డెలివరీ యాప్ రీడిజైన్, కాలుష్యం మీద పోస్టర్ల సిరీస్, కొత్త తెలుగు ఫాంటు. అన్నీ చూసి మా గైడ్ "బానే ఉన్నాయి, కానీ ఇందులో నువ్వెక్కడున్నావు?" అన్నారు. ఆ మాట నాకు అర్థం కాలేదు. పదిహేను రోజులుగా పింటరెస్ట్, బిహాన్స్ లాంటి డిజైన్లు పెట్టే సైట్లు తిరగేస్తున్నాను. చూసేకొద్దీ అన్నీ ఎవరో చేసేసినట్టే ఉన్నాయి. దానికి తోడు ఇంటి నుంచి ఫోన్లు. మా నాన్న రెండున్నర ఎకరాల్లో మిర్చి వేశారు. పురుగుమందు డబ్బాలో వచ్చే కాగితాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టి, పంపుకి ఎంత పోయాలో చదివి చెప్పమంటారు. జూమ్ చేసినా కనిపించదు, కనిపించినా సగం నాకే అర్థం కాదు. సాయంత్రాలు అలా పోతున్నాయి. ఈ ఇంటి గోలంతా రాసినందుకు ఏమీ అనుకోకండి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏ టాపిక్ తీసుకోమంటారు? పోర్ట్‌ఫోలియోకి, ఉద్యోగానికి కూడా పనికిరావాలి.

జవాబు:

అమ్మా,

ఇంటి గోల రాసినందుకు ఏమీ అనుకోవద్దన్నావు. నీ ఉత్తరంలో నేను మళ్లీ మళ్లీ చదివింది ఆ నాలుగు వాక్యాలే. వాటి దగ్గరికి వస్తాను. ముందు ఆ ఐదు ఐడియాల సంగతి చూద్దాం.

కాఫీ షాపు నిజంగా లేదు. లేని షాపుకి లేని యజమాని. లోగో బాగుందని అతను అనడు, డబ్బులు తక్కువున్నాయి ఒక్క రంగులోనే వేయమని కూడా అనడు. అడ్డం చెప్పే మనిషి లేని పనిలో నేర్చుకునేది తక్కువ. యాప్ రీడిజైన్‌దీ ఇంచుమించు అదే ఇబ్బంది. జనం ఏ బటన్ దగ్గర ఆగిపోతున్నారో ఆ కంపెనీకి తెలుసు, నీకు తెలిసే దారి లేదు. ఇక కాలుష్యం పోస్టర్లు వద్దు. పొగ గొట్టం, ఎండిన చెట్టు, ముక్కుకి మాస్కు వేసుకున్న భూగోళం ఏటా ప్రతి కాలేజీ గోడ మీదా కనిపిస్తాయి. అవి ఎవర్ని ఏం చేయమంటున్నాయో చూసినవాళ్లకి తెలియదు. కొండపల్లి బొమ్మలు మంచి విషయమే. కానీ నువ్వు కొండపల్లి వెళ్లినట్టు గానీ, అక్కడ ఒక్క కుటుంబంతో మాట్లాడినట్టు గానీ నీ ఉత్తరంలో లేదు. తెల్ల పొణికి కర్రని చేత్తో పట్టుకుని చూడకుండా పెట్టె గీస్తే, అట్ట మీద ముగ్గు వేసినట్టే ఉంటుంది.

ఫాంటు దగ్గర మాత్రం కాస్త ఆగుతాను, ఎందుకంటే నీ వయసులో ఆ ఆశ నాకూ ఉండేది. ఇంగ్లిషుకి క్యాపిటల్, స్మాల్ కలిపితే 52 అక్షరాలు. మనకి అచ్చులు, హల్లులు, ప్రతి హల్లుకీ గుణింతం, ప్రతి హల్లుకీ ఒత్తు. 'స్త్రీ', 'లక్ష్మి' లాంటి మాటల్లో ఒత్తుకి ఇంకో ఒత్తు తోడు. పైన గుడి, కింద ఒత్తు పక్కవాటితో గుద్దుకోకుండా చూసుకోవాలి. గీయాల్సిన రూపాలే వందల్లో ఉంటాయి. గీశాక ఏది ఎప్పుడు ఎక్కడ కూర్చోవాలో కంప్యూటర్‌కి చెప్పడం ఇంకో పని. నాలుగున్నర నెలల్లో ఒక్కదానివే చేస్తే 'అమ్మ', 'తెలుగు', 'నమస్కారం' మాత్రం అందంగా పడే ఫాంటు తయారవుతుంది. ఉద్యోగంలో చేరాక రెండు మూడేళ్లు పెట్టుకుని చేయాల్సిన పని అది. ఈలోగా రామభద్ర, మండలి, సూరన్న, ఎన్టీఆర్, నోటో సాన్స్ తెలుగు, అనెక్ తెలుగు అన్నీ ఉచితంగా దొరుకుతున్నాయి. ఉన్న ఫాంట్లని చిన్న సైజులో, పల్చటి కాగితం మీద, కళ్లు మసకబారినవాళ్లు చదివేలా పేర్చడం ఎలాగన్నది మాత్రం మన దగ్గర పెద్దగా ఎవరూ పట్టించుకోని విషయం.

అందుకే ఇప్పుడు మీ నాన్న పంపిన కాగితం దగ్గరికి వస్తున్నాను. నా ఉద్దేశంలో నీ ప్రాజెక్టు అదే. పురుగుమందు సమాచారం కొట్టు నుంచి చేలో పంపు దాకా సరిగ్గా చేరేలా డిజైన్ చేయడం. మీ గైడ్ "నువ్వెక్కడున్నావు?" అన్నది కూడా దీని గురించే అనుకుంటాను. ఆ కాగితం ఫొటో వచ్చేది నీ ఫోనుకే. మీ క్లాసులో ఇంకెవరికీ రాదు.

నీ ఉత్తరం చదివాక మా బంధువులబ్బాయిని అడిగి అలాంటి కాగితం ఒకటి తెప్పించుకున్నాను. ఇది రాస్తున్నప్పుడు నా బల్ల మీదే ఉంది. మడిచినప్పుడు అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. విప్పుతూ పోతే బల్ల సగం ఆక్రమించింది. కాగితం ఎంత పల్చనంటే వెనకవైపు అచ్చు ఇటు కనిపిస్తోంది. డబ్బాలో వచ్చే కరపత్రం హిందీ, ఇంగ్లిషుతో పాటు ఆ మందు అమ్ముడయ్యే ప్రాంతపు భాషల్లో కూడా ఉండాలని 1971 నాటి ఇన్సెక్టిసైడ్స్ రూల్స్ చెబుతున్నాయి. ఒకే కాగితం అన్ని రాష్ట్రాలకీ సరిపోవాలని భాషలన్నీ ఇందులోనే కుక్కేశారు. తెలుగు భాగం మీద అరచెయ్యి పెడితే మొత్తం మూసుకుపోయింది. భూతద్దంతో చూశాను. 'థ'లో చుక్క సిరాతో పూడుకుపోయి 'ద'తో కలిసిపోయింది. 'ప'కీ 'ష'కీ తేడా ఊహించుకోవాలి. పై లైను ఒత్తులు కింది లైను గుడుల మీద కూర్చున్నాయి. ఇంగ్లిషు లైన్ల ఎడం ఎంత పెట్టారో తెలుగుకీ అంతే పెట్టారు. ఇంగ్లిషులో కిందికి దిగే అక్షరాలు నాలుగైదే. మనకి ఒత్తులు దాదాపు ప్రతి లైనులోనూ దిగుతాయి. అంకెల దగ్గరికి వచ్చేసరికి నాకు భయం వేసింది. '0.5'లో చుక్క కాగితంలోని నలకలా ఉంది. ఆ చుక్క కనపడకపోతే మోతాదు పదింతలవుతుంది.

భయం ఎందుకన్నానంటే, ఇలాంటిది నా చేతుల మీదుగానే ఒకసారి జరిగింది. ఇరవై ఏళ్ల కిందట ఒక పత్రికలో వ్యవసాయం పేజీ పెట్టేదాన్ని. ఒక రోజు '1.5 మి.లీ.' అన్నచోట చుక్క ఎగిరిపోయి '15 మి.లీ.' అని అచ్చయింది. పొద్దున్నే ఒక రైతు ఆఫీసుకి ఫోన్ చేసి, "అమ్మా, పదిహేనేనా? మా పక్క చేను ఆయన ఒకటిన్నరే పోస్తున్నాడు మరి" అన్నారు. ఆయన అడిగారు కాబట్టి మాకు తెలిసింది. అడగకుండా పోసేసినవాళ్లు ఎవరైనా ఉన్నారేమో నాకు ఇప్పటికీ తెలియదు. మర్నాడు సవరణ వేశాం. ఆ తర్వాత నా పేజీలో చుక్క ఉన్న అంకె వస్తే పక్కన 'ఒకటిన్నర' అని అక్షరాల్లో కూడా ఉండాల్సిందే. ఇంత చిన్న జాగ్రత్త కూడా డిజైనే.

ఇక డబ్బా మీది గుర్తు చూడు. చదరాన్ని మూల మీద నిలబెట్టినట్టుండే ఆకారం, దానిలో రెండు త్రికోణాలు. కింది త్రికోణానికి రంగు, పై త్రికోణంలో హెచ్చరిక. ఎరుపు అంటే అత్యంత విషం, పైన పుర్రె బొమ్మ, 'పాయిజన్' అన్న మాట. పసుపు అంటే దాని తర్వాతిది, దానిమీదా 'పాయిజన్' అనే ఉంటుంది. నీలం మీద 'డేంజర్', ఆకుపచ్చ మీద 'కాషన్'. ప్రయోగశాలలో జంతువుల మీద పరీక్షించి, శరీర బరువు కిలోకి ఎన్ని మిల్లీగ్రాములు నోట్లోకి వెళ్తే వాటిలో సగం చచ్చిపోతాయన్న లెక్క మీద ఈ నాలుగు వర్గాలు చేశారు. ఎరుపుకి 1 నుంచి 50, పసుపుకి 51 నుంచి 500, నీలానికి 501 నుంచి 5000, ఆ పైన ఆకుపచ్చ. శాస్త్రపరంగా తప్పేమీ లేదు. కానీ ఈ రంగుల వరస మామూలు మనిషి మనసులో ఉంటుందా? ఎరుపు ఆగమంటుంది, పసుపు చూసుకోమంటుంది. వాటి తర్వాత నీలానికి మన రోడ్ల మీద గానీ, ఇళ్లలో గానీ ఒక అర్థం లేదు. ఆకుపచ్చకి ఉన్న అర్థం ఇంకా ఇబ్బంది పెడుతుంది. తినే వస్తువుల పెట్టెల మీద ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారమని అందరికీ అలవాటు. నేను మా ఊళ్లో ఊరికే మాటల్లో అడిగితే ఇద్దరు "ఆకుపచ్చ అంటే ఆకుకి మంచి చేసే మందు" అన్నారు. వాళ్ల మాటలో తర్కం ఉంది. ఆ గుర్తులోనే వాళ్ల తర్కానికి చోటు లేదు.

నీ మొదటి పని ఇదే పెట్టుకో. చార్టు కాగితంతో నాలుగు రంగుల త్రికోణాలు కత్తిరించు. మాటలు, పుర్రెలు ఏమీ వద్దు. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, "ఎక్కువ ప్రమాదం నుంచి తక్కువ ప్రమాదం దాకా వరసగా పెట్టండి" అని అడుగు. ఏ వరస పెట్టారో, పెడుతూ ఏమన్నారో వాళ్ల మాటల్లోనే రాసుకో. తప్పని చెప్పకు, సరిదిద్దకు. సరిదిద్దితే పక్కింటావిడ దగ్గరికి నువ్వు వెళ్లేలోపే జవాబు వెళ్లిపోతుంది. అందరిదీ అయ్యాక మాత్రం సరైన వరస అందరికీ చెప్పి తీరాలి.

గుర్తు అర్థం కాకపోతే ఏమవుతుందో నీ రిపోర్టులో రాయడానికి చరిత్రలో ఒక ఘటన ఉంది. 1971లో ఇరాక్‌కి మెక్సికో, అమెరికాల నుంచి విత్తనాల గోధుమలు, బార్లీ వచ్చాయి. బూజు పట్టకుండా వాటికి పాదరసం మందు పట్టించారు. విత్తడానికే తప్ప తినడానికి కాదని తెలిసేలా గింజలకి ఎర్రటి రంగు వేశారు. బస్తాల మీద హెచ్చరికలు స్పానిష్‌లో, ఇంగ్లిషులో ఉన్నాయి, పుర్రె బొమ్మ కూడా ఉంది. ఆ రెండు భాషలూ అక్కడి రైతులకి రావు. ఆ పుర్రె వాళ్లకి ఏమీ చెప్పలేదు. గింజలు కడిగితే ఎరుపు పోయింది, రంగుతో పాటు విషమూ పోయిందనుకున్నారు. రొట్టెలు చేసుకుని తిన్నారు. ఆసుపత్రుల్లో చేరినవాళ్లు 6,530 మంది, వాళ్లలో చనిపోయినవాళ్లు 459 మంది. రంగు, బొమ్మ, మాట మూడూ ఉన్నాయి. మూడూ ఎవరికోసమో తయారై ఇంకెవరి చేతికో వెళ్లాయి. ఆ ఘటన గురించి చదివిన రోజు నేను పని చేయలేకపోయాను.

అదే ఏడాది అమెరికాలో పిట్స్‌బర్గ్ పిల్లల ఆసుపత్రి వాళ్లు ఇంకో దారిలో వెళ్లారు. పుర్రె బొమ్మ చూసి పిల్లలు భయపడటం మానేశారు, వాళ్లకది సముద్రపు దొంగల సరదా బొమ్మ అయిపోయింది. రకరకాల బొమ్మలు పిల్లలకే చూపించి, వాళ్లకి నచ్చనిదేదో కనుక్కుని, నాలుక బయటపెట్టి వెగటు మొహం పెట్టిన ఆకుపచ్చ బొమ్మని ఎంచుకున్నారు. మిస్టర్ యక్ అని దాని పేరు. నువ్వు ఆ బొమ్మని తెచ్చుకోవాలని కాదు. ఎవరు చూడాలో వాళ్లనే ముందు అడిగిన ఆ పద్ధతిని తెచ్చుకో. మన దేశంలోనే దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. 1951 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యత 18.33 శాతం. ఆ జనంతోనే 1951-52లో మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. చదువురాని కోట్లమంది తమ ఓటు తామే వేసుకున్నారు. ఎడ్లు, గుడిసె, కొడవలి, సైకిల్ లాంటి గుర్తులు నల్లటి గీతల్లో ఎంత దూరం నుంచి గుర్తుపట్టగలమో చూస్తే, మీ నాన్న తరానికి బొమ్మ చదవడం కొత్త కాదని నీకే తెలుస్తుంది. 2011 లెక్కల్లో కూడా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 67 శాతం దగ్గరే ఉంది. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరికి లేబుల్ మీద ఏ భాష ఉన్నా ఒకటే.

ఇప్పుడు లెక్క సంగతి. మీ నాన్న నిన్ను అడుగుతున్నది అసలు ఇదే. లేబుల్ మీద మోతాదు హెక్టారుకి ఉంటుంది. మీ నాన్న చేను ఎకరాల్లో, సెంట్లలో ఉంటుంది. తెలంగాణ వైపైతే ఎకరాలు, కుంటలు. హెక్టారు అంటే 2.47 ఎకరాలు. లెక్క కోసమే ఒక అంకె అనుకుందాం: హెక్టారుకి 500 మి.లీ. మందు, 500 లీటర్ల నీళ్లు. అంటే ఎకరానికి రమారమి 200 మి.లీ. మందు, 200 లీటర్ల నీళ్లు. పంపు 16 లీటర్లదైతే పంపుకి 16 మి.లీ., ఎకరానికి పన్నెండున్నర పంపులు. ఎండలో, చేలో, మూతికి గుడ్డ కట్టుకున్న మనిషి ఈ మెట్లన్నీ ఎక్కి లెక్క తేల్చాలి. తేల్చాక ఆ 16 మి.లీ. దేంతో కొలుస్తారు? చాలామంది సీసా మూతతోనే. ఆ మూత మీద గీతలుండవు, ఒక కంపెనీ మూత ఇంకో కంపెనీ మూతంత ఉండదు. 2021-22లో నల్ల తామర పురుగు మిర్చి తోటల్ని ఊడ్చేసినప్పుడు మీ ఇంట్లో మందు ఎన్నిసార్లు కొట్టారో అమ్మని అడుగు, ఆవిడకి గుర్తుంటుంది. ప్రతిసారీ ఇదే లెక్క, ఇదే మూత.

ఇంకో సంగతి నువ్వు కళ్లారా చూసే ఉంటావు. మందు కొనేది ఒకరు, కలిపేది ఇంకొకరు, కొట్టేది వేరొకరు. చాలాచోట్ల కొట్టేది కూలికి వచ్చిన మనిషి. అతను డబ్బా చూడనే చూడడు. డ్రమ్ములో కలిపి పెట్టిన తెల్లటి నీళ్లు పంపులో పోసుకుని సాలు వెంట నడుస్తాడు. లేబుల్‌ని ఎంత అందంగా చేసినా గట్టు మీదే ఆగిపోతుంది. మరి సమాచారం ఎక్కడ చేతులు మారుతోంది? కొట్టులో. మీ నాన్న కాయ కోసుకుని, ముడుచుకున్న ఆకు ఒకటి తుంచుకుని వెళ్తారు. కొట్టాయన చూసి డబ్బా తీసి, దాని మూత మీదో బిల్లు వెనకాలో పెన్నుతో '20 పంపుకి' అని రాసిస్తాడు. ఆ రాత మీద అందరికీ నమ్మకం. కంపెనీ అచ్చేసిన కాగితం మీద లేని నమ్మకం దాని మీద ఉంది.

కాబట్టి నన్నడిగితే డబ్బా లేబుల్‌ని మళ్లీ డిజైన్ చేయడంతో మొదలుపెట్టకు. కొట్టాయన పెన్నుతో నింపి ఇచ్చే ఒక చీటీతో మొదలుపెట్టు. అరచెయ్యంత ఉండాలి, వెనక జిగురుండాలి, చించి పంపుకే అతికించేయగలగాలి. దాని మీద మూడు సంగతులు చాలు: పంపుకి ఎంత, ఒంటి మీద ఏం వేసుకోవాలి, కొట్టాక ఎన్ని రోజులు కాయ కోయకూడదు. ఆ మూడోది లేబుల్ మీద ఉంటుంది కానీ ఎవరి కంటా పడదు. కోతకి వచ్చే ఆడవాళ్లు ఆ తోటలోనే రోజంతా వంగి కాయలు కోస్తారు, వాళ్లకి చెప్పేవాళ్లుండరు. పంపుకి ఎంత అన్నది అంకెతో పాటు నింపిన గీతల బొమ్మలా ఉంటే బాగుంటుందా, మూత బొమ్మలు లెక్కపెట్టేలా ఉంటే బాగుంటుందా, చీటీతో పాటు గీతలున్న చిన్న కొలత గ్లాసు ఇవ్వాలా అన్నది నువ్వు చేసి, చూసి తేల్చుకోవాలి. నేను ఇక్కడ కూర్చుని చెప్పేది తప్పయ్యే అవకాశమే ఎక్కువ.

సంక్రాంతికి ఎలాగూ ఊరు వెళ్తావు. ఈసారి నాలుగు రోజులు ముందు వెళ్లి, పండగయ్యాక ఇంకో వారం ఉండేలా మీ గైడ్‌ని ఇప్పుడే అడుగు. డిసెంబరులో నువ్వు చేయాల్సింది రూల్స్ చదవడం, కాగితాలు పోగేయడం, రంగుల పరీక్షకి సరంజామా తయారు చేసుకోవడం. జనవరిలో కొట్టులో ఒక మూల స్టూలు వేసుకుని రెండు పూటలు కూర్చో. ఎవరేం అడుగుతున్నారో, కొట్టాయన ఏం రాసిస్తున్నాడో చూడు. మొదటి చీటీలు పెన్నుతో గీసి జిరాక్స్ తీసినవే చాలు, అవి వాళ్ల చేతుల్లో ఎలా ఓడిపోతాయో చూడటానికే వెళ్తున్నావు. తడి చేత్తో పట్టుకుంటే సిరా పాకుతుందా, ఎండకి జిగురు వదులుతుందా, కొట్టాయనకి రద్దీ వేళ మూడు గడులు నింపే ఓపిక ఉంటుందా? ఫిబ్రవరిలో రెండో రూపం, మార్చిలో ఒక్కసారి మళ్లీ ఊరు, ఆ తర్వాత కొత్తవేమీ మొదలుపెట్టకుండా అచ్చు, రిపోర్టు. పన్నెండు మందితో మాట్లాడితే చాలు. వాళ్లలో చదవడం రానివాళ్లు కనీసం నలుగురు, ఆడవాళ్లు నలుగురు ఉండేలా చూసుకో.

కొన్ని జాగ్రత్తలు గట్టిగా చెబుతున్నాను, వీటిలో బేరం లేదు. ఏ పరీక్షలోనూ అసలు మందు వాడకూడదు, పంపులో మామూలు నీళ్లే. వాడేసిన మందు సీసాలు ముట్టుకోకు, హాస్టల్‌కి తీసుకెళ్లకు. నమూనా కోసం కొత్త ఖాళీ సీసాలు కొనుక్కో, అవి తాగే నీళ్ల సీసాలు అయ్యుండకూడదు. చీటీ మీద మోతాదు నీ సొంతంగా రాయకు, లేబుల్ మీద ఉన్నదే రాసి మీ మండల వ్యవసాయ అధికారికో, దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలో శాస్త్రవేత్తకో చూపించు. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం గుంటూరు దగ్గర లాంలోనే ఉంది, మీకు దూరం కాదు. అచ్చేసిన ప్రతిదాని మీదా 'నమూనా' అని పెద్దగా వేయి, పరీక్ష అవగానే అన్నీ లెక్కపెట్టి వెనక్కి తీసుకో. ఎవరి ఫొటో అయినా అడిగే తీయి.

సాఫ్ట్‌వేర్ గురించి రెండు మాటలు. జిరాక్స్ షాపులో టైప్ చేయించకు. చాలాచోట్ల ఇంకా అను ఫాంట్లలోనే కొడతారు, అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ కాదు కాబట్టి నీ ఫైల్‌లోకి వచ్చేసరికి పిచ్చి అక్షరాలవుతాయి. ఇన్‌డిజైన్‌లో అడోబీ వరల్డ్-రెడీ పారాగ్రాఫ్ కంపోజర్ పెట్టుకోకపోతే ఒత్తులు విడిపోతాయి, ఇలస్ట్రేటర్‌లో ఇండిక్ ఆప్షన్లు ఆన్ చేసుకో. అనెక్ తెలుగులో వెడల్పు, మందం రెండూ మార్చుకోవచ్చు కాబట్టి ఇరుకు చోట్లకి బాగా పనికొస్తుంది. 10 పాయింట్ల అక్షరానికి లైను ఎడం 15, 16 పాయింట్ల దాకా ఇవ్వు. సిద్ధమయ్యాక స్క్రీన్ మీద చూసి నమ్మకు. నీకు దొరికే అతి చవక కాగితం మీద ప్రింటు తీసి, సాయంత్రం ఆరింటికి లైటు వేయకుండా మీ నాయనమ్మతోనో అమ్మమ్మతోనో చదివించు.

జ్యూరీలో ఎవరో ఒకరు "ఇందులో డిజైన్ ఏముంది?" అని తప్పకుండా అంటారు. అప్పుడు వాదించకు. పాత కరపత్రం వాళ్ల చేతికిచ్చి, మిర్చికి పంపుకి ఎంతో చెప్పమని అడుగు. ఫోనులో టైమర్ పెట్టు. తర్వాత నీ చీటీ ఇచ్చి అదే అడుగు. మీ ఊళ్లో పన్నెండు మందికి ఎంతసేపు పట్టిందో ఆ పక్కన గోడ మీద ఉండాలి. మొదటి చీటీ ఎందుకు చెడిపోయిందో కూడా దాచకుండా పెట్టు, మరకలతో సహా. అది చూస్తే నువ్వు చేలో దిగి పని చేశావని చెప్పక్కర్లేదు. లేబుల్ నిబంధనలు కూడా చదివి ఉండాలి. ఆ హెచ్చరిక గుర్తు లేబుల్ ముఖంలో కనీసం పదహారో వంతు ఉండాలని రూలుంది, ఎవరైనా అడిగితే తడుముకోకూడదు.

ఉద్యోగం గురించి నీ బెంగ నాకు అర్థమైంది. పురుగుమందు చీటీ చూసి ఏ ఏజెన్సీ పిలుస్తుందనేగా? నేను పోర్ట్‌ఫోలియోలు చాలానే చూశాను. లోగోని కప్పు మీద, సంచి మీద, టీషర్టు మీద అతికించి చూపించినవి పక్కపక్కనే పెడితే ఏది ఎవరిదో చెప్పలేం. మనుషులు ఎక్కడ పొరబడుతున్నారో కనిపెట్టి, మూడుసార్లు మార్చి, ఇప్పుడు పొరబడటం లేదని చూపించిన పని పేజీ తిప్పకుండా ఆపుతుంది. మందుల కంపెనీ పెట్టెలకైనా, బ్యాంకు యాప్‌కైనా చేసే పని అదే. చూడటానికి పేలవంగా ఉంటుందన్న భయం వద్దు. నాలుగు గాఢమైన రంగులు, పెద్ద అంకెలు, నల్లటి గీతల బొమ్మలు, గుండ్రటి తెలుగు అక్షరాలు ఉన్నాయి నీ చేతిలో. ఇంత బలమైన సామాను కాఫీ షాపుకి దొరకదు.

ఒకవేళ పురుగుమందుల జోలికి వెళ్లడానికి మీ ఇంట్లో ఒప్పుకోకపోతే, మెడికల్ షాపులో ఇచ్చే చిన్న కాగితం కవరు తీసుకో. దాని మీద పెన్నుతో '1-0-1' అని రాసిస్తారు. అది పొద్దున, రాత్రి అని ముసలివాళ్లలో ఎంతమందికి అర్థమవుతుందో చూడు. యాంటీబయాటిక్ షీట్ల మీద నిలువుగా ఎర్ర గీత ఉంటుంది, డాక్టరు రాయకుండా వాడొద్దని. 2016లో కేంద్రం దాని గురించి ప్రచారం కూడా చేసింది. ఆ గీతకి అర్థం మీ హాస్టల్‌లోనే పదిమందిని అడిగి చూడు. అదీ మంచి ప్రాజెక్టే. కానీ నా మనసు మాత్రం మొదటిదాని మీదే ఉంది.

మీ నాన్నకి ఈ రాత్రే ఫోన్ చెయ్యి. ఈ పంటలో ఇప్పటిదాకా వచ్చిన కాగితాలు ఎక్కడున్నాయో అడుగు. పెంకుల సందులోనో, గోడ గూట్లోనో, ట్రాక్టర్ సీటు కిందో ఉంటాయి. పారేయొద్దని, ఎన్నుంటే అన్ని ఒక కవర్లో వేసి పిల్లలకి అందనంత ఎత్తులో పెట్టమని, అవి తీశాక చేతులు సబ్బుతో కడుక్కోమని చెప్పు. ఫొటో పంపినప్పుడు పంపుకి ఎంతో చెప్పడంతో పాటు, ఆ కాగితంలో ముందుగా ఎక్కడ వెతికారు, ఎక్కడ ఆగిపోయారు అని కూడా అడుగు. ఆయన జవాబుని తేదీ వేసి నోట్‌బుక్‌లో రాసుకో.